బేస్‌బాల్ బరిలో రెండవ అంపైరు

క్రికెట్ ఆటను రేడియో మూలమున వినెడి అలవాటు గల మన ఇండ్లలో, మైదానమునందు ఇద్దరు అంపైర్లుందురని పిల్లలకు సైతము తెలియును. ఒకరు బౌలరు చేరువను, రెండవవారు బ్యాటు పట్టినవానికి అడ్డముగా కొంత దూరమునను నిలుతురు. పరుగు తీయుటకు రెండే కొనలు, చూచుటకు ఇద్దరు మనుష్యులు. లెక్క సరిపోయినది. ఈ పొందిక మనకెంత సహజముగా తోచుచున్నదనగా, ఇది లేని బంతియాట యొకటి యుండునని ఊహించుట కష్టము. కాని అమెరికావారు తమ జాతీయ క్రీడగా చెప్పుకొను బేస్‌బాల్‌లో సుమారు అర్ధశతాబ్దిపాటు ఒక్క అంపైరే సర్వమును చూచుచుండెను. రెండవవాడు వచ్చిన కథయు, వచ్చిన పిదప ఆ ఇద్దరును పని పంచుకొన నేర్చిన కథయు మేమిచ్చట చెప్పదలచితిమి.

ఆ ఆట నెరుగనివారి కొరకు ముందుగా రెండు మాటలు. నేలపై ఒక చదరమును గీచి, దానిని మూలపై నిలువబెట్టినట్లు చూడవలెను. ఒక్కొక్క భుజము 90 అడుగులు. క్రింది మూలను హోమ్ ప్లేట్ అందురు. బ్యాటరు అచ్చటనే నిలుచును. తక్కిన మూడు మూలలును క్రమముగా మొదటి, రెండవ, మూడవ బేస్‌లు. చదరపు నడుమనుండి, 60 అడుగుల 6 అంగుళముల దూరమున నిలిచి పిచ్చర్ బంతి విసరును. బంతిని కొట్టినవాడు మూడు బేస్‌లను కాలితో తాకుచు చుట్టివచ్చి మరల హోమ్ ప్లేట్ చేరినచో ఒక పరుగు. ఒకేసారి మూడు బేస్‌లమీదను మనుష్యులుండవచ్చును. కొట్టినవాడు నాలుగవవాడు. అనగా బంతి మూడువందల అడుగుల దూరమున కంచె దగ్గర దొర్లుచుండగా నలుగురు మనుష్యులు నాలుగు దిక్కులకు పరుగెత్తుచుందురు. వారిలో ప్రతివాడును ప్రతి బేస్‌ను తాకెనా లేదా యన్నది అంపైరు చూచి తీరవలెను. ఇన్నిటిని ఒక్క జత కన్నులు చూడగలవా?

ఆట తొలినాళ్లలో ఒక్కొక్క జట్టు తరఫున ఒక్కొక్క అంపైరును, వారిద్దరికి పొత్తు కుదరనపుడు తీర్పు చెప్పుటకు మధ్యస్థుడొకడును ఉండెడివారు. ఈ పద్ధతిలో తగవులు తీరుటకంటె పెరుగుటయే ఎక్కువ గనుక, 1858లో క్లబ్బుల సంఘము ఒక్క అంపైరు చాలునని నిర్ణయించెను. పెద్దమనుష్యులు సరదాకొరకు ఆడుకొను దినములలో అది చాలెను కాబోలు. 1876లో నేషనల్ లీగ్ ఏర్పడి, జీతగాండ్రు ఆడు ఆటగా మారిన తరువాత చాలలేదు.

ఆ ఒంటరి అంపైరు చేయగలిగినదేమి? బేస్‌లు ఖాళీగా ఉన్నపుడు క్యాచరు వెనుక నిలుచుట, ఎవడైన బేస్ చేరినచో పిచ్చరు వెనుకకు పోయి నిలుచుట. ఎచ్చట నిలిచినను సగము మైదానము వీపు వెనుకనే యుండెను. ఆటగాండ్రు ఈ రహస్యమును త్వరలోనే కనిపెట్టిరి. మైక్ కెల్లీ యను ఘనుడు, అంపైరు బంతిని చూచుచున్న సమయమున మూడవ బేస్ వైపు పోకయే అడ్డదారిని హోమ్ ప్లేట్‌కు పరుగెత్తుటలో పేరు మోసెను. 1890లనాటి బాల్టిమోర్ జట్టున మూడవ బేస్ కాచిన జాన్ మెక్‌గ్రా, పరుగెత్తబోవువాని నడికట్టును వెనుకనుండి వ్రేళ్లతో పట్టి నిలిపెడివాడని ప్రసిద్ధి. చూచెడివాడు లేనిచోట చేసినది తప్పు కాదని ఆనాటి ఆటగాండ్ర ధర్మశాస్త్రము. ఆ దెబ్బ అంపైరుమీదనే పడెడిది. చూడని దానికి తీర్పు చెప్పినను తిట్లు, చెప్పకున్నను తిట్లు. వానిపై సీసాలు విసరిన ప్రేక్షకులును గలరు.

మందు తెలియక కాదు. 1890లో ఒక్క ఏడు మాత్రమే నడచిన ప్లేయర్స్ లీగ్, ఆటకు ఇద్దరు అంపైర్లను నియమించెను. 1898లో నేషనల్ లీగ్ నిబంధనలే రెండవ అంపైరు చేయవలసిన పనులను వివరించెను. అయినను రెండవవాడు ఒకనాడు వచ్చుట, మరునాడు రాకుండుటగా పది యేండ్లు గడచినవి. కారణము జట్టుల యజమానుల పొదుపు. టిక్కెట్టు కొన్నవాడు ఆటగాండ్రను చూడవచ్చునుగాని అంపైరును చూడరాడుగదా యని వారి లెక్క. ఆ లెక్క ఎంత ఖరీదైనదో 1908వ సంవత్సరము తేల్చెను.

ఆ ఏడు సెప్టెంబరు 4వ తేదీన పిట్స్‌బర్గ్ నగరమున షికాగో జట్టు ఆడుచుండెను. అంపైరు హాంక్ ఓడే ఒక్కడే. ఇరుపక్షములకును ఒక్క పరుగైన లేకుండ తొమ్మిది ఇన్నింగ్సులు ముగిసినవి. పదియవ ఇన్నింగ్సున మూడు బేస్‌లమీదను పిట్స్‌బర్గ్ వారుండగా వారి బ్యాటరు బంతిని దూరముగా కొట్టెను. మూడవ బేస్‌మీది క్లార్క్ హోమ్ ప్లేట్ చేరెను. ఆట ముగిసినదని అందరును తలచిరి. మొదటి బేస్‌మీదనుండిన గిల్ అనువాడు రెండవ బేస్ తాకకయే మరలిపోయెను. ఆనాడు అది వాడుక. గెలుపు పరుగు వచ్చిన తరువాత ఎవ్వరును చివరివరకు పరుగెత్తెడివారు కారు. కాని నిబంధనను పట్టి చూచినచో వాడు ఔటు. వాడు మూడవ ఔటైనచో ఆ పరుగు చెల్లదు. షికాగో ఆటగాడు జానీ ఎవర్స్ ఈ మాటయే పట్టుకొని మొరపెట్టెను. ఓడే తాను దానిని చూడలేదనెను. చూడని దానిని ఔటు అనుట ఎట్లు? లీగ్ అధ్యక్షుడును షికాగో మొరను త్రోసివేసెను.

పందొమ్మిది దినములు గడచినవి. సెప్టెంబరు 23వ తేదీ, న్యూయార్క్‌లోని పోలో గ్రౌండ్స్. జెయింట్స్ జట్టుకును అదే షికాగో జట్టుకును పోటీ. ఈమారు అంపైర్లిద్దరు. హోమ్ ప్లేట్ వెనుక హాంక్ ఓడే, బేస్‌ల దగ్గర బాబ్ ఎమ్స్‌లీ. ఇరుపక్షములకును ఒక్కొక్క పరుగు. తొమ్మిదవ ఇన్నింగ్సున ఇద్దరు ఔటైన పిదప మూడవ బేస్‌పై మెక్‌కార్మిక్, మొదటి బేస్‌పై పందొమ్మిదేండ్ల ఫ్రెడ్ మెర్కిల్. బ్రిడ్‌వెల్ కొట్టిన బంతి సూటిగా ఎమ్స్‌లీ మీదికే వచ్చెను. అతడు దెబ్బ తప్పించుకొనుటకై నేలపై పడెను. లేచి, కొట్టినవాడు మొదటి బేస్ చేరెనా యని అటు చూచెను. ఈలోగా మెక్‌కార్మిక్ హోమ్ ప్లేట్ చేరెను. జనము మైదానముపైకి విరుచుకుపడెను. మెర్కిల్ రెండవ బేస్‌కు చేరకయే ప్రక్కకు తిరిగిపోయెను.

ఎవర్స్ బంతికై కేకలు వేయుచు రెండవ బేస్‌పై నిలిచెను. ఎమ్స్‌లీ చూడలేదు. అతడు ఓడేను అడిగెను. ఓడే చూచియుండెను! మెర్కిల్ ఔటని, ఆట సరిసమానమని తీర్పు వచ్చెను. చీకటి పడుట చేతను, మైదానము జనముతో నిండుట చేతను ఆట సాగలేదు. సంవత్సరాంతమున రెండు జట్లును సమముగా నిలిచినవి గనుక అక్టోబరు 8న మరల ఆడిరి. షికాగో 4-2 గా గెలిచి, ఆ ఊపున ప్రపంచ సిరీస్‌ను గూడ గెలిచెను. మరల దానిని గెలుచుటకు వారికి 108 సంవత్సరములు పట్టినది, అది వేరు సంగతి. పాపము, మెర్కిల్‌కు మాత్రము 'మొద్దుబుర్ర' యను పేరు బ్రతుకంతయు వదలలేదు. అందరును చేసెడి పనినే ఆ కుర్రవాడు చేసెను. చూచెడి కన్నొకటి అదనముగా నుండిన దినమున చేయుట యొక్కటే వాని దురదృష్టము.

ఈ రెండు దినములను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. అంపైరు ఒక్కడే, ఓడేయే. తప్పు ఒక్కటే. మొదటి దినమున అతడు హోమ్ ప్లేట్‌ను విడిచి చూపు మరల్చుటకు వీలులేదు. రెండవ దినమున అతనికి తోడు కలడు. అయినను ఇచ్చట ఒక ప్రశ్న పుట్టక మానదు. రెండవ బేస్ ఎమ్స్‌లీ కాపులోనిది. అతడు పడిపోవుట, ఆ క్షణముననే ఓడే అటు చూచుట ఏర్పాటు వలన జరిగినవా, యాదృచ్ఛికముగానా? గిల్ సంగతి ఓడే మనస్సున నాటియుండుటయే కారణమని చెప్పువారున్నారు. మాకును అట్లే తోచుచున్నది. కాని అంపైరు జ్ఞాపకశక్తిపై ఆధారపడిన న్యాయము ఎంతకాలము నిలుచును? మనుష్యులు ఇద్దరైనంతమాత్రమున చాలదు, ఎవరి చూపు ఎటు పోవలెనో ముందే నిశ్చయింపబడవలెను.

మరుసటి యేడు ఇది మరింత విశదమాయెను. 1909 ప్రపంచ సిరీస్ పిట్స్‌బర్గ్, డెట్రాయిట్ జట్ల నడుమ జరిగెను. నలుగురు అంపైర్లను పిలిపించిరి, కాని ఒక్కొక్క ఆటకు ఇద్దరే బరిలో దిగవలెనని ఏర్పాటు. మిగిలిన ఇద్దరు కూర్చుండి చూడవలెను. రెండవ ఆటలో బిల్లీ ఎవాన్స్, బిల్ క్లెమ్ అను దిట్టలు తీర్పరులు. పిట్స్‌బర్గ్ ఆటగాడు మిల్లర్ కొట్టిన బంతి కుడివైపు గీత వెంబడి పోయి జనములో పడినది. ఎచ్చట నేలను తాకినదో ఇద్దరిలో నొక్కరికిని తెలియలేదు. చేయునది లేక ఆ మహానుభావులు అచ్చటి ప్రేక్షకుల దగ్గరకు పోయి, అయ్యా, బంతి ఎచ్చట పడినదని అడిగి తెలిసికొని తీర్పు చెప్పిరి! మూడవ ఆటనుండి నలుగురిని బరిలోనికి దింపిరి. ఈ వింత జరిగిన ఫోర్బ్స్ ఫీల్డ్‌నుండియే 1921 ఆగస్టు 5న కె.డి.కె.ఎ. కేంద్రము పెద్ద లీగు బేస్‌బాల్ ఆటను మొట్టమొదటిసారి రేడియోలో వినిపించెనన్న మాట మన పాఠకులకు రుచించునని తలతుము.

1912 నాటికి రెండు పెద్ద లీగులును పదేసిమంది అంపైర్లను నియమించుకొనినవి. ఒక్కొక్క లీగున ఎనిమిది జట్లు, రోజునకు నాలుగాటలు, ఆటకు ఇద్దరు, అదనముగా మరిద్దరు. రెండవ అంపైరు నాటితో స్థిరపడెను. జంట పని యను విద్య నిజముగా పెరిగినది ఆ తరువాతనే.

ఆ విద్యలోని మర్మము వినుటకు విచిత్రముగా నుండును. ఇద్దరును బంతినే చూచినచో ఇద్దరుండియు ఒక్కడున్నట్లే. కన్నులు సహజముగా బంతి వెంట పోవును. ప్రేక్షకుడు చేయునదియు అదియే. ఒక అంపైరు బంతిని చూచునపుడు రెండవవాడు దానివైపు వీపు త్రిప్పి మనుష్యుల పాదములను చూడవలెను. మజ్జిగ పలుచన కాకుండవలెనన్న మంది ఎవరి కుండను వారు పట్టుకొనవలెను గదా!

బేస్‌లు ఖాళీగా ఉన్నపుడు బేస్ అంపైరు మొదటి బేస్ కాచువానికి వెనుకగా, గీతకు వెలుపల నిలుచును. బంతి దూరముగా పోయినచో చదరములోనికి పరుగెత్తి, ఒక్క చుట్టు తిరిగి, కొట్టినవాడు మొదటి బేస్ తాకుట చూచి, వానితోపాటు రెండవ బేస్ వైపు సాగును. ఒకవేళ కుడివైపు గీత దగ్గర గాలిలోని బంతిని పట్టుదురో లేదో చూచుటకు అతడే బయటకు పోవలసి వచ్చినచో పని తారుమారగును. అపుడు క్యాచరు వెనుకనున్నవాడు ముందునకు వచ్చి పరుగెత్తువానిని అన్ని బేస్‌లకును తానే చూచుకొనవలెను. మొదటి బేస్‌పై మనిషి యున్నచో బేస్ అంపైరు ముందుగనే చదరము లోపల, పిచ్చరుకును రెండవ బేస్‌కును నడుమ నిలుచును. అపుడు బంతి దూరముగా పోయి, ఆ మనిషి రెండవ బేస్ దాటి మూడవ దానికి పరుగెత్తినచో బేస్ అంపైరు అందుకొనలేడు, కొట్టినవాడు వెనుకనే వచ్చుచుండును. కనుక ప్లేట్ అంపైరు తన స్థలము విడిచి మూడవ బేస్ వైపు పరుగెత్తుచు, మూడవది తనదేయని బిగ్గరగా కేకవేయును. ఆ కేక వినబడిన క్షణమునుండి రెండవవాడు మూడవ బేస్ మాటయే మరచును. వచ్చువాడు అచ్చట ఆగక హోమ్ ప్లేట్‌కు దూకినచో ప్లేట్ అంపైరు మరల వెనుకకు పరుగెత్తవలెను. జీతము కూర్చుండినందుకు కాదన్నమాట!

కేకలు వేయరాని సమయములలో సైగలుండును. ఇద్దరు ఔటై రెండవ బేస్‌పై మనిషి యున్నపుడు, మూడవ ఔటుకు ముందు పరుగు వచ్చెనా తరువాత వచ్చెనా యన్నది ప్లేట్ అంపైరు గమనింపవలెను. చేతి గడియారము కట్టుకొను చోటును రెండు వ్రేళ్లతో తాకి ఒకరికొకరు ఆ సంగతి జ్ఞాపకము చేసికొందురు. గ్యాలరీలోనివారికి అది మణికట్టు దురదవలె కనబడును.

తీర్పులు తాకుటకును నియమము కలదు. తోటి అంపైరు తనంతతాను అడిగిననే తప్ప, అతని తీర్పును విమర్శించుటకుగాని మార్పించుటకుగాని ఇంకొకరికి హక్కు లేదు. ఇద్దరును ఒకే సంఘటనకు భిన్నమైన తీర్పులు చెప్పినచో, ప్రధాన అంపైరు వారిని పిలిచి మాట్లాడి, ఎవరు మేలైన చోట నిలిచి చూచిరో విచారించి నిర్ణయించును. దగ్గరగా నుండుటయే మేలైన చోటు కాదని అంపైర్ల నమ్మకము. మనిషికిని బేస్‌కును నడుమనున్న సందు ఏ కోణమునుండి కనబడునో అదియే మేలైన చోటు. ఇట్టివన్నియు నేర్పుటకు జార్జి బార్ అను అంపైరు 1935లో అర్కాన్సాస్ రాష్ట్రమునందలి హాట్ స్ప్రింగ్స్‌లో తొలి అంపైర్ల పాఠశాలను నెలకొల్పెను.

పెద్ద లీగులలో 1933 నుండి ముగ్గురు, 1952 నుండి నలుగురు అంపైర్లు వాడుకకు వచ్చిరి. ప్రపంచ సిరీస్‌లో 1947 నుండి ఆరుగురు. 2008లో కొన్ని తీర్పులకు, 2014 నుండి మరెన్నిటికో చలనచిత్రము చూచి సరిదిద్దు పద్ధతియు ప్రవేశించెను. అయినను క్రింది తరగతుల లీగులలోను, పాఠశాలల ఆటలలోను ఇప్పటికిని ఇద్దరే. పెద్ద లీగున ఋతుకాలపు ఆటకు తీర్పరియైన తొలి మహిళ జెన్ పావల్ 2025 ఆగస్టులో ఆ స్థానము నందుకొనెను. ఆమె 2016లో అడుగిడినదియు అట్టి అడుగు మెట్టు లీగునందే.

అట్టి జంట ఆటకు ముందు దుస్తులు మార్చుకొను గదిలో కొంతసేపు కూర్చుండి మాట్లాడుకొనుట ఆచారము. గాలి ఎటు వీచుచున్నది, కంచె ఎచ్చట వంగినది, సైగలేవి, మూడవ బేస్‌కు ఎవరు పోవలెను, కుడి గీత వైపు బంతి లేచినచో ఎవరు బయటకు పోవలెను. పోవువాడు పోవుచున్నానని కేక వేయవలెను. రెండవవాడు విన్నానని బదులు కేక వేయవలెను.