గ్లిబ్‌సీ బిల్డ్ వైఫల్యాలు, కెర్నెల్ వెర్షన్లు

లినక్స్‌లో దాదాపు ప్రతి ప్రోగ్రామూ కెర్నెల్‌తో మాట్లాడేది సీ లైబ్రరీ ద్వారానే. ఫైలు తెరవడం, కొత్త ప్రాసెస్ పుట్టించడం లాంటి పనులకు కెర్నెల్ ఇచ్చే సిస్టమ్ కాల్స్‌ను మామూలు ఫంక్షన్లుగా అందించేది అదే. డెబియన్, ఉబుంటు, ఫెడోరాలలో ఉండేది గ్నూ సీ లైబ్రరీ, పొట్టిపేరు గ్లిబ్‌సీ. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఒకరు తమ లినక్స్ కంప్యూటర్‌ను తెలుగులోకి మార్చుకుంటే టెర్మినల్‌లో వారాల పేర్లు తెలుగులో కనిపించేది కూడా ఇందులోని తెలుగు లొకేల్ ఫైలు వల్లే.

ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలోనో విజయనగరం జేఎన్‌టీయూలోనో ఆపరేటింగ్ సిస్టమ్స్ చదివే విద్యార్థి ఈ లైబ్రరీని సోర్సు నుంచి సొంతంగా బిల్డ్ చేయబోతే, ‘కెర్నెల్ హెడర్లు పాతవి’ అంటూ కాన్ఫిగర్ దశలోనే పని ఆగిపోవచ్చు. వెంటనే తోచేది కెర్నెల్‌ను మార్చేయాలని. చాలాసార్లు ఆ అవసరం ఉండదు. ఇక్కడ ‘కెర్నెల్ వెర్షన్’ అన్న ఒక్క మాట కింద మూడు వేరువేరు అంకెలు ఉన్నాయి. వాటిని విడదీసి చూస్తే చిక్కుముడి సగం విడిపోతుంది.

మొదటిది, ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్. ‘యునేమ్ -ఆర్’ చూపేది దీన్నే. రెండోది, బిల్డ్‌కు వాడే హెడర్ ఫైళ్ల వెర్షన్. ఇది నడిచే కెర్నెల్‌తో సమానంగా ఉండనక్కర్లేదు. మూడోది, ఈ లైబ్రరీ ఏ కెర్నెల్ నుంచి పైకి పనిచేయాలో బిల్డ్ చేసేవారు ‘ఎనేబుల్-కెర్నెల్’ ఆప్షన్‌తో చెప్పే కనీస హద్దు. 2017లో వచ్చిన గ్లిబ్‌సీ 2.26 నుంచి ఆ హద్దు 3.2కు తగ్గకూడదు. కాన్ఫిగర్ పరీక్షించేది రెండో అంకెను. 2.6.32 కెర్నెల్‌తో వచ్చిన సెంట్‌ఓఎస్ 6 మీద అది ఆగిపోయేది అందుకే. కొత్త కెర్నెల్ సోర్సు తెచ్చి, ‘మేక్ హెడర్స్_ఇన్‌స్టాల్’తో హెడర్లను వేరే ఫోల్డర్లో పెట్టి, ‘విత్-హెడర్స్’తో ఆ దారి చూపిస్తే ఈ పరీక్ష దాటుతుంది.

అయితే బిల్డ్ అయిన లైబ్రరీ ఆ పాత కెర్నెల్ మీద నడుస్తుందని కాదు. హద్దుకు దిగువన ఉన్న కెర్నెళ్ల కోసం రాసిన ప్రత్యామ్నాయ కోడ్ బిల్డ్‌లో చేరదు. అలాంటి కెర్నెల్ ఎదురైతే పాత గ్లిబ్‌సీలు ‘ఫేటల్: కెర్నెల్ టూ ఓల్డ్’ అని చెప్పి ఆగేవి. 2022లో వచ్చిన 2.36లో ఆ తనిఖీనే తీసేశారు. ఇప్పుడు ప్రోగ్రాము మొదలై, లేని సిస్టమ్ కాల్ దగ్గర తడబడవచ్చు. కారణం వెతకడం ఈ రెండో తీరులోనే కష్టం.

అంకెల లెక్కే ఇబ్బంది పెట్టిన సందర్భమూ ఉంది. కెర్నెల్ వెర్షన్‌లోని మూడో భాగానికి 8 బిట్ల చోటే ఇచ్చారు. 2021 ఫిబ్రవరిలో 4.4.256, 4.9.256 విడుదలయ్యేసరికి ఆ చోటు చాలలేదు. పాత సూత్రం ప్రకారం 4.4.256 కాస్తా 4.5.0గా లెక్కకు వస్తుంది. అందుకే లెక్కలో మూడో భాగాన్ని 255 దగ్గరే ఆపారు.

కొత్త హెడర్లు పాత సోర్సును చెడగొట్టడం మరో రకం. కెర్నెల్ 5.2లో ‘ఎస్‌ఐఓసీజీస్టాంప్’ నిర్వచనం ఒక హెడర్ నుంచి ఇంకో హెడర్‌కు మారింది. దాంతో క్యూఎము అనే ఎమ్యులేటర్ పాత సోర్సు కంపైల్ కాలేదు. గ్లిబ్‌సీ 2.30లో ‘గెట్‌టిడ్’ ఫంక్షన్ చేరగానే, అదే పేరుతో సొంత ఫంక్షన్ రాసుకున్న ప్రాజెక్టుల్లో పేర్లు ఢీకొన్నాయి. 2.36లో లైబ్రరీ మౌంట్ హెడర్‌కూ కెర్నెల్ మౌంట్ హెడర్‌కూ మధ్య జరిగింది కూడా ఇలాంటి గొడవే. వీటికి మందు ఆ ప్రోగ్రాము కొత్త వెర్షన్ లేదా ప్యాచ్. కెర్నెల్‌ను వెనక్కు దించడం కాదు.

కంటైనర్ వాడితే ఈ బాధ తప్పుతుందనే నమ్మకం బలంగా ఉంది. కంటైనర్‌కు సొంత లైబ్రరీ ఉంటుంది కానీ సొంత కెర్నెల్ ఉండదు, కింది యంత్రానిదే వాడుకుంటుంది. నిజంగా వేరే కెర్నెల్ కావాలంటే వర్చువల్ మెషీన్ పెట్టుకోవాలి. పైగా కంటైనర్లను నడిపే డాకర్ పాత వెర్షన్లలో గ్లిబ్‌సీ 2.34 వాడే ‘క్లోన్3’ పిలుపును భద్రతా వడపోత అడ్డుకునేది. పైకి కెర్నెల్ లోపంలా కనిపించినా తప్పు డాకర్‌దే; 20.10.10లో సరిచేశారు.

కంపైలర్, బైనుటిల్స్, పైథాన్ పాతవైనా కాన్ఫిగర్ ఆగుతుంది కాబట్టి ‘కాన్ఫిగ్.లాగ్’ చదవకుండా కెర్నెల్‌ను నిందించకూడదు. బిల్డ్ మధ్యలో ఆగితే ‘-జె’ లేకుండా మళ్లీ ‘మేక్’ నడపాలి. సమాంతరంగా నడిచినప్పుడు మొదటి తప్పు మిగతా వరుసల్లో మునిగిపోతుంది. సోర్సు ఫోల్డర్లోనే బిల్డ్ చేయబోతే గ్లిబ్‌సీ ఒప్పుకోదు, విడి ఫోల్డర్ ఉండాలి. ఇన్‌స్టాల్ చేసే చోటు చెప్పే ‘ప్రిఫిక్స్’ కూడా విడిగానే ఇవ్వాలి. సిస్టమ్‌లో ఉన్న లైబ్రరీ మీద కొత్తది కుదరక పడితే ‘ఎల్‌ఎస్’ కూడా నడవదు, బయటి డిస్కు నుంచి బూట్ చేసి పాత ఫైళ్లను తిరిగి పెట్టుకోవలసి వస్తుంది.