కలకత్తాలో ఎన్ని అక్షరాలు?

కాగితం మీద 'కలకత్తా' అని రాసి అక్షరాలు లెక్కపెట్టండి. నాలుగు. అదే మాట కంప్యూటర్‌ని అడిగితే ఏడంటుంది! ఎందుకని?

ఆ నగరానికి ఎగువన, హుగ్లీ ఒడ్డునున్న శ్రీరాంపూర్‌లో 1814లో విలియం కేరీ తెలుగు వ్యాకరణం అచ్చయింది. అచ్చు కూర్చేవారికి కంటికి కనిపించే రూపమే ప్రధానం. ఆ రూపానికి తగిన సీసపు దిమ్మను ఏరి పేర్చేవారు.

1988లో వచ్చిన భారతీయ ప్రమాణం 'ఇస్కీ' రూపాన్ని వదిలి ఉచ్చారణను పట్టుకుంది. 'త్తా' అంటే త, పొల్లు, త, దీర్ఘం: నాలుగు సంకేతాలు. ముందున్న మూడింటితో కలిపి ఏడు. యూనికోడ్ కూడా ఈ పద్ధతినే తీసుకుంది.

వెబ్ పేజీల కోసం 1995లో పుట్టిన జావాస్క్రిప్ట్‌లో 'చార్ఎట్' అనే ఆదేశం మాటలోంచి కోరిన సంకేతాన్ని తీసి ఇస్తుంది. లెక్క సున్నాతో మొదలు. 3 అంటే 'త' మాత్రమే వస్తుంది. 4 అంటే ఒంటరి పొల్లు! నాలుగు చాలని పేరు కత్తిరిస్తే మిగిలేది 'కలకత'. రేపు ఒకరి దరఖాస్తులో పేరే మారిపోవచ్చు.

సంయుక్తాక్షరాన్ని విడదీయరాదన్న నియమం 2023లో యూనికోడ్ 15.1తో తెలుగుకూ వచ్చింది. దాన్ని పాటించే సాధనంతో లెక్కిస్తే జవాబు మళ్లీ నాలుగే. మరి మీ పేరులో అక్షరాలెన్ని, సంకేతాలెన్ని? లెక్కించి చూడండి.