మంగలంలో మ్యూస్లి

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడి 2025 డిసెంబరుకి పదేళ్లు. దాని మీద ఒక వ్యాసం ఇమ్మని పత్రిక అనుబంధం వాళ్లు అడిగి నెల దాటింది. వ్యాసం అచ్చయ్యే ఆదివారం, జులై 6, తొలి ఏకాదశి కూడా. రేపటికల్లా పంపాలి. నేనేమో కాగితాలు ముందేసుకుని, మ్యూస్లి డబ్బా వెనక్కి తిప్పి చదువుతూ కూర్చున్నాను.

సంగతేమిటంటే, మొన్న రక్తపరీక్ష కాగితం చూసిన నిజామాబాదు ఖలీల్‌వాడి డాక్టరు "పొద్దున పూరీలు, వడలు బంద్. ఓట్సో మ్యూస్లియో తినండి" అన్నాడు. 400 గ్రాముల డబ్బా 270 రూపాయలు పోసి తెచ్చాను. నోట్లో వేసుకుంటే సగం అట్టముక్క, సగం మిఠాయి. పదార్థాల పేర్లు బరువులో ఎక్కువున్నవి ముందు, తక్కువున్నవి తర్వాత వచ్చేలా అచ్చేయాలని నిబంధన. ఈ డబ్బా మీద మూడో పేరు చక్కెర. శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ సైరన్ వింటూ పెరిగినవాణ్ని, చక్కెర తగ్గించమంటే డబ్బు పోసి చక్కెరే తెచ్చుకున్నాను. ధర విని అమ్మ, "గిన్ని పైసలు వెట్టి దాణా తెచ్చినవా బిడ్డా?" అంది.

కాబట్టి ఫ్యాక్టరీతో మొదలైన ఈ వ్యాసం మధ్యలో గిన్నెలోకి జారిపోతే సంపాదకులు మన్నించాలి.

పాత శతాబ్దాలను గబగబా దాటేద్దాం. అశ్మక జనపదానికి రాజధాని అయిన పోదనం మన బోధనేనని చాలామంది చరిత్రకారుల మాట. షోడశ మహాజనపదాల్లో వింధ్యకు దక్షిణాన ఉన్నది అదొక్కటే. తర్వాత రాష్ట్రకూటులు, చాళుక్యులు, కాకతీయులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు, ఆసఫ్‌జాహీలు. ఒక్కొక్కరికి ఒక్కో వాక్యం కూడా ఇవ్వను. దానమిచ్చిన మడి ఎంతో, గుడి దీపానికి నూనె ఎంతో శాసనాలు లెక్క తప్పకుండా చెబుతాయి. పొద్దున్నే నాగలి భుజానేసుకున్నవాడు ఏం తిని బయల్దేరాడో రాసే ఓపిక ఏ రాయికీ లేదు. దానికి మెట్టచేనే సాక్ష్యం. జొన్న, సజ్జ, కొర్ర. సముద్రాలు దాటొచ్చాక మక్క. అంటే గట్క, అంబలి, రాత్రిది మిగిలితే సద్ది. ఇందూరు పేరు నిజామాబాదుగా మారి, రైలు కూతలు అలవాటైన చాన్నాళ్ల దాకా పల్లెల్లో టిఫిన్ అన్న మాటే లేదు.

ఉడికించకుండా పొడిగా తినే గింజల వంట మాత్రం ఒకటుంది. తొలి ఏకాదశినాటి పేలాల పిండి. వానాకాలం మొదట్లో, విత్తనాలు మట్టిలో పడే రోజుల్లో, ప్రతి ఇంట్లోనూ జొన్నలు పేలేవి. మా నాయనమ్మ మంగలంలో, అంటే గింజలు వేయించే కుండలో, ఇసుక పోసి, అది కాలి రంగు మారాక గుప్పెడు జొన్నలు వేసేది. గింజలకు ముందే కొంచెం తడి చూపించేది. లోపలి ఆ తడే ఆవిరై, పొట్టు బిగువుని తట్టుకోలేక గింజ తిరగబడుతుంది. పీచు కట్టతో కలియబెడుతూ, పేలినవాటిని జల్లెడలోకి తోసేది. పేలనివి అడుగున మిగిలిపోతే మా నోట్లోకి. వాటిని నమిలి పళ్లు అరగదీసుకున్నాం. పేలాలు రోట్లో వేసి, బెల్లం, రెండు యాలకులు కలిపి దంచితే పిండి. నోటినిండా పోసుకుని "ఫూ" అనిపించడం పిల్లలకు ఆట. అన్నవాడి ముఖమూ, అనిపించినవాడి చొక్కా తెల్లన.

ఇక నాకు ఇష్టమైన చోటికి వస్తాను. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో ముగిసింది. దాని వెనకున్న ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. జొన్న చేలల్లోకి కాలువ దిగింది. నీళ్ల వెనకే కోస్తా రైతులు. అక్కడ ఉన్న కొద్దిపాటి భూమి అమ్మి, ఇక్కడ అంతకు ఎన్నో రెట్లు కొనుక్కుని, గుడిసెలేసుకుని దిగారు. ఆ దిగిన చోట్లకి క్యాంపులని పేరు. డాబాలు లేచి, మనవళ్లు అమెరికా వెళ్లినా వర్ని, కోటగిరి వైపు అవి ఇప్పటికీ క్యాంపులే. మా వీధిలోకి మొదటి ఇడ్లీ పాత్ర అటునుంచే వచ్చిందని అమ్మ చెబుతుంది.

1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ. దాని చుట్టూ వెలసిన ఊరు శక్కర్‌నగర్. ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదని చెప్పుకునేవాళ్లు. చిన్నప్పుడు మాకు ఆసియా అంటే ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియదు కానీ అందులో పెద్దది మా ఊళ్లో ఉందని తెలుసు.

చలికాలం వచ్చిందంటే చెరుకు ఆడే కాలం. రాత్రంతా బండ్లు వచ్చేవి. ఇరుసుకి కట్టిన లాంతరు ఊగుతూ ఉంటే రోడ్డు మీద ఎద్దుల కాళ్ల నీడలు చెట్లంత పొడుగు సాగేవి. కాటా దగ్గర వరసలో నిద్రపోతున్న బండి వెనక నుంచి ఒక గడ లాగితే, బండివాడు కళ్లు తెరవకుండానే చర్నాకోల ఝళిపించేవాడు. లోపల రోలర్ల కింద గడలు పిప్పి అయ్యేవి, ఆ పిప్పే బాయిలర్లకి కట్టెలు. రసాన్ని సున్నంతో, గంధకం పొగతో తేర్చి, కాచి, గిర్రున తిప్పి పలుకునీ మడ్డినీ వేరుచేసేవారు. నూరు కిలోల గడలకి చక్కెర పది కిలోలకి అటూ ఇటూ. మిగిలిన వాసనంతా ఊరిది. మడ్డి వాసనకి కొత్తవాళ్లు ముక్కు మూసుకునేవారు. పెళ్లయి వెళ్లిన మా అక్క మాత్రం పుట్టింటికొచ్చినప్పుడు బస్సు కిటికీ తెరిచి పెట్టుకునేది.

ఆ మడ్డిని తీసెయ్యని రసమే పెనంలో చిక్కబడితే బెల్లం. కామారెడ్డి మార్కెట్లో రాశులుగా పడి ఉండేది అదే. ఫ్యాక్టరీ తెల్లదనం ముందు బెల్లం చిన్నబోయింది. చుట్టాలొస్తే బెల్లం పెట్టడం నామోషీ అయింది, చాయ్‌లో శక్కర పడింది. గట్క తినే ఇంట్లో బడికి పోయే పిల్లకి చాయ్‌లో ముంచిన రొట్టె. మా బెల్లాన్ని, జొన్నని వెనక్కి నెట్టింది ఏ విదేశీ కంపెనీయో అనుకుంటే పొరపాటు. మేం ముద్దుగా చెప్పుకునే ఆ ఫ్యాక్టరీయే. నాకు దాని మీద కోపం రాదు, అది వేరే సంగతి.

ఈ ఫ్యాక్టరీకి మూడు దశాబ్దాలకు ముందే జ్యూరిక్ కొండ మీద మాక్సిమిలియన్ బిర్షర్-బెన్నర్ అనే డాక్టరు తన ఆరోగ్యశాలలో రోగులకి ఒక గుజ్జు పెడుతున్నాడు. మ్యూస్లి అంటే వాళ్ల భాషలో చిన్న గుజ్జనే. కొండల్లో ఒక పశువుల కాపరి ఇంట తిన్న వంట నుంచి అది తట్టిందంటారు. ఆయన లెక్క చూడండి: రాత్రంతా నానబెట్టిన ఓట్స్ ఒక్క చెంచా, తొక్కతో సహా కోరిన పెద్ద యాపిల్, నిమ్మరసం, ఒక చెంచా డబ్బాపాలు, పైన దంచిన పప్పులు. గింజ చెంచాడే, తక్కిందంతా పండు! పొద్దున్నే లేచి నడవాలి, రాత్రి పెందలాడే పడుకోవాలి. 1909లో అక్కడ చేరిన రచయిత థామస్ మన్‌కి ఆ కట్టుబాట్లు జైలులా తోచాయి. ఆ గుజ్జు తర్వాత ఎండిపోయి, పండు కాస్తా నాలుగు ఎండుద్రాక్షలై, ప్యాకెట్టుకెక్కి నా టేబుల్ దాకా వచ్చింది.

ఇక్కణ్నుంచి వరస చెదిరిపోతుంది. 1994లో కెలాగ్స్ మన దేశానికి వచ్చింది. మనవాళ్లు అలవాటుకొద్దీ వేడిపాలు పోశారు, కరకరలాడాల్సిన రేకులు మెత్తని ముద్దయ్యాయి. మంజీర మీదే ఎగువన సింగూరు ప్రాజెక్టు కట్టాక నిజాంసాగర్‌కి నీళ్లు తగ్గాయి. దాని సొంత కడుపులోనూ పూడిక చేరి 29 టీఎంసీలకు పైబడిన సామర్థ్యం 17.8కి వచ్చింది. చెరుకు వెనక్కి తగ్గి వరి పరుచుకుంది. 2002లో ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో లే-ఆఫ్ నోటీసు అంటించారు. 2024లో మళ్లీ తెరిపించడానికి ఒక కమిటీ వేశారు. అటు ఆర్మూరు, బాల్కొండల్లో ఎర్రజొన్న పండుతూనే ఉంది. ఉత్తరాదిన పశుగ్రాసానికి విత్తనంగా వెళుతుంది. ధర కోసం ఆ రైతులు రోడ్డెక్కారు, 2019లో పసుపు రైతులతో కలిసి లోక్‌సభకి నామినేషన్లు వేశారు. బ్యాలెట్‌పై 185 పేర్లు. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల ఏడాదన్నది. రాజేంద్రనగర్‌లోని చిరుధాన్యాల పరిశోధన సంస్థ జొన్నతో అటుకులు చేసి 'ఈట్‌రైట్' పేరుతో అమ్మింది. జొన్న ఇలా నగరం చుట్టి, రంగుల సంచిలో మా ఊరికి తిరిగొచ్చింది.

నేను చేసిందేమిటో చెప్పి ముగిస్తాను. గంజ్‌కి వెళ్లి మందం అటుకులు అరకిలో తెచ్చాను, 35 రూపాయలు. వాటిని నూనె లేకుండా సన్నసెగ మీద వేయించాను. చిటికెలో నలిగితే అయినట్టు. 250 గ్రాముల జొన్నలు, 15. మంగలం లేదు కాబట్టి ఇనుప మూకుడు. మొదటి గుప్పెడు మాడింది, రెండోది మూతకి తగిలి వంటింటి గట్టంతా ఎగిరింది, మూడో గుప్పెటికి చెయ్యి కుదిరింది. పుట్నాలు 100 గ్రాములు, 12. వేయించి పొట్టు ఊదిన పల్లీలు 150 గ్రాములు, 21. నువ్వులు 50 గ్రాములు, పది రూపాయలు. ఎండుద్రాక్ష 100 గ్రాములు, నలభై. ఖరీదంతా దానిదే, వద్దనుకుంటే మానేయొచ్చు. 100 గ్రాముల బెల్లం తురిమి, ఏడు రూపాయలు, అన్నీ చల్లారాక కలిపాను. వేడి మీద కలిపితే బెల్లం చెమర్చి అటుకులు మెత్తబడతాయి. మొత్తం 140 రూపాయలు, కిలో దాటి రెండొందల గ్రాములు. తినేటప్పుడు జ్యూరిక్ డాక్టరుని తలుచుకుని ఒక జామకాయ కోసి వేసుకుంటున్నాను, యాపిల్ ధర చూశాక. బెల్లమూ చక్కెరలాంటిదేనని ఖలీల్‌వాడి డాక్టరు మళ్లీ అంటాడు. అంటే దాన్ని యాభై గ్రాములకి దించుతాను.

డబ్బా నిండా పోసి అమ్మ ముందు పెట్టాను. రెండు పలుకులు నోట్లో వేసుకుని దవడ పట్టుకుంది. "మంచిగనే ఉంది. నమలొస్తలేదు." ఏమీ అనకుండా లేచి డబ్బా పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. మిక్సీ చప్పుడైంది. తిరిగొచ్చేసరికి గిన్నెలో మెత్తని పొడి, పైన యాలకుల వాసన.

"ఏకాదశి ముందుగాల్నే చేసుకున్నట్టయింది," అంది.