లావుణి పట్టా

మా ఊరి చరిత్ర రాస్తే పహాడీషరీఫ్ దర్గా గురించి రాస్తరు, పాయిగా నవాబుల గురించి రాస్తరు. మాదిగోళ్ళ చేతికి భూమి ఎట్లొచ్చింది, ఎట్ల పోయింది అనేది ఎవరికీ చరిత్రగా కనపడలేదు. మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటోణ్ణి నేను. సర్కారు బడిలో సాంఘికశాస్త్రం చెప్తున్న. జల్‌పల్లి గురించి ఈ ముక్క నేనే రాయాలె.

నిజాం కాలంలో హైదరాబాదు చుట్టుపక్కల ఊళ్ళు చానామటుకు సర్ఫెఖాస్, పాయిగా, జాగీర్ల కిందుండేవి. 1949లో అవి రద్దయినయి. జాగీరు పోయింది గానీ మా తాత మెడల డప్పు పోలేదు, వెట్టి పోలేదు. ఎన్నో ఏండ్లకు ఆయనకు రెండెకరాల లావుణి పట్టా ఇచ్చిన్రు. గుట్టపక్క రాళ్ళచెల్క. మంచి భూమైతే మాకెందుకిస్తరు? తాత, అవ్వ కలిసి రాళ్ళేరి గెట్లేసి జొన్న పండిచ్చిన్రు.

1977లో అసైన్డు భూముల బదలాయింపు నిషేధ చట్టమొచ్చింది. పేదోడు అమ్మరాదు, ఇంకోడు కొనరాదు. మమ్మల్ని కాపాడనీకే చేసిన చట్టమిది. జరిగిందేంది? అమ్మకం ఆగలేదు, ధర విరిగింది. శంషాబాద్‌కు విమానాశ్రయం వస్తదనంగనే కార్లు మా చెల్కల పొంట తిరగబట్టినయి. పక్క పట్టాదారుకు ఒక ధర చెప్పినోడే మా నాయన దగ్గరికొచ్చి, "ఇది లావుణి. రేపు సర్కారు గుంజుకుంటే నీకు పైస రాదు" అన్నడు. సగం కన్న తక్కువకు తెల్లకాయితం మీద రాయించుకున్నడు. అక్క పెండ్లి అప్పు నెత్తిమీదుండె. నాయన వేలిముద్ర పెట్టిండు.

బెదిరింపు ఉత్తది గాదు. నష్టపరిహారం లేకుండ వాపసు తీసుకోవచ్చనే షరతు ఆ పట్టాలల్లనే ఉండేది. ఆ షరతు చెల్లదనీ, అసైన్డు రైతుకూ పట్టాదారుతో సమానంగ పరిహారమియ్యాలనీ హైకోర్టు పెద్ద ధర్మాసనం 2004లో తీర్పిచ్చింది. అది మా పక్క చేవెళ్ల డివిజన్ కేసే. అప్పటికి మా వాడల వేలిముద్రలన్నీ అయిపోయినయి.

2008 మార్చి 23న దాదాపు 5,500 ఎకరాల విమానాశ్రయంల విమానాలు దిగినయి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగురోడ్డొచ్చింది. జల్‌పల్లి 2016లో మున్సిపాలిటీ అయింది. మా చెల్కల తెల్లరాళ్ళు పాతిన్రు.

ఎకరమంటే 4,840 గజాలని బడిలో పిల్లలకు లెక్క చెప్తుంట. తాత రెండెకరాలు 9,680 గజాలు. సర్కారు జీతమున్నా అందుల నూరు గజాలు నేను కొనలేను. ఆ ఇండ్లల్ల బాసండ్లు తోమనీకె మా వాడ ఆడోళ్ళు పొద్దున్నే పోతరు. గేటుకాడ కావలోడు వాళ్ళ పేర్లు రాసుకొని లోపలికి పంపుతడు.