'లేఓఫ్' – 'లోభము': ఒక ధాతువు, రెండు గతులు

ప్రాచీనాంగ్లమున 'ప్రియమైన' అను అర్థమున 'లేఓఫ్' అను విశేషణము కలదు. గోతిక భాషయందలి 'లియుఫ్స్', ప్రాచీనోన్నత జర్మను భాషయందలి 'లియోబ్' దీనికి సోదరరూపములు. వీనిని పోల్చి చూచి పండితులు 'లెఉబజ్' అను మూల జర్మానిక రూపమును పునర్నిర్మించిరి.

ఈ పదము వాడుక ప్రేమకు మాత్రమే పరిమితము కాలేదు. 10వ శతాబ్ది పూర్వార్ధమున ఎడ్వర్డు రాజునకు వ్రాయబడిన ఫాంట్‌హిల్ లేఖలో ప్రభువును సంబోధించిన పదము ఇదియే. మన 'అయ్యా' వంటి గౌరవవాచకమన్నమాట. ప్రియముగా నెంచుట నమ్ముటగా మారి ఆంగ్లమున 'బిలీవ్', జర్మనున 'గ్లాఉబెన్' అను క్రియలైనది. ఇష్టపడి యొప్పుకొనుట అనుమతియై 'లీవ్' అను నామవాచకమైనది.

సంస్కృతమున దీనికి జ్ఞాతి 'లుభ్' ధాతువు. లాటిను 'లుబెత్', స్లావిక 'ల్యూబితి' కూడ ఈ కుటుంబములోనివే. మూలభాషయందలి భకారము సంస్కృతమున నిలిచి, జర్మానికమున బకారమగుట 1822లో యాకోబ్ గ్రిమ్ వివరించిన ధ్వనినియమమునకు లోబడినది. కావున ఇది కేవల శబ్దసాదృశ్యము కాదు. అయినను, అక్కడ విశ్వాసమునకు దారితీసిన ధాతువు ఇక్కడ అరిషడ్వర్గములలో చేరినది. సంస్కృతమున 'లుబ్ధకుడు' వేటకాడు. తెలుగునకు తత్సమముగా వచ్చిన 'లోభి' పిసినారి. పరుల సొత్తు నాశించువాడనుటకంటె తన సొత్తును విడువలేనివాడనుటయే మన వాడుక.

'ప్రియ' శబ్దము కథ దీనికి విపర్యయము. సంస్కృతమున అది ప్రీతిపాత్రమునే తెలిపెను. దాని జర్మానిక జ్ఞాతి ఆంగ్లమున 'ఫ్రీ' యై స్వతంత్రుని తెలిపెను. దాసులు గాక ఇంటివారైనవారే ప్రియులు, వారే స్వతంత్రులు అని పండితుల వివరణ. 'ఫ్రెండ్' అను పదమును ఈ ధాతువునుండియే పుట్టినది.

ఆంగ్లమున 'లేఓఫ్' సంతతియైన 'లీఫ్' నేడు దాదాపు లుప్తమైనది. దాని స్థానమును 'డియర్' ఆక్రమించినది. ఈ 'డియర్' ప్రీతిపాత్రమైన దానిని, వెల హెచ్చిన దానిని కూడ తెలుపును. తెలుగున 'సరుకులు ప్రియమైనవి' యనునపుడు 'ప్రియము' నకును ఈ రెండర్థములే. ఈ రెండు పదములకు ధాతుసంబంధ మేమియు లేదు. అర్థము మాత్రము ఒకే బాట నడచినది.

జ్ఞాతిపదముల అర్థములు వేఱైనవి. జ్ఞాతులు గాని పదముల అర్థములు కలిసినవి. కనుక రూపమునకు ధ్వనినియమము ప్రమాణము. అర్థమునకు ప్రయోగమే ప్రమాణము. లోభమునకు అసలర్థము ప్రేమయే యని నిరుక్తి బలమున తేల్చుట, ఆంగ్లేయుల ప్రేమకు మూలము లోభమే యనుట, రెండును సమానమైన దోషములే.