రైలు గేటు, సిగ్నల్ కేబిన్: మన ప్రాంత చరిత్రలో ఒక పుట

మన మహదేవపుర ప్రాంత ఆధునిక చరిత్రను రైలు పట్టాలతో ప్రారంభించడం సముచితం. 1864లో మద్రాసు రైల్వే కంపెనీ జోలార్‌పేట నుండి బెంగుళూరు కంటోన్మెంటు వరకు మార్గాన్ని ప్రారంభించింది. పొరుగునున్న కృష్ణరాజపురం వద్ద పాత మద్రాసు రోడ్డు ఈ మార్గాన్ని దాటవలసి రావడం వలన అచ్చట రైలు గేటు అవసరమైంది.

గేటు వేయడం, సిగ్నల్ ఇవ్వడం వేర్వేరు పనులుగా తోచవచ్చు. కాని ఇంటర్‌లాకింగ్ అనే ఏర్పాటు ఆ రెండింటినీ ముడివేసింది. గేటు మూసి తాళం పడిన పిదపనే కేబిన్‌లోని సిగ్నల్ మీట కదులుతుంది. సిగ్నల్ తిరిగి ‘ఆగు’ స్థితికి వచ్చేవరకు గేటు తెరుచుకోదు. అడ్డంగా చాచిన సిగ్నల్ చేయి ‘ఆగు’ అనీ, క్రిందికి వాలినది ‘సాగు’ అనీ డ్రైవరుకు తెలిపేది. మనిషి తొందరపడినా, మరచినా ప్రాణాలకు ముప్పు రాకుండుటయే ఇందలి పరమార్థం.

1948లో దూరవాణినగర్‌లో టెలిఫోను కర్మాగారం, తరువాత వైట్‌ఫీల్డు సాంకేతిక సంస్థలు వెలయగా రోడ్డుపై రద్దీ పెరిగింది. రక్షణ నిచ్చిన గేటే నిరీక్షణకు మారుపేరైంది. 2003లో తీగల వంతెన ఆ నిరీక్షణను తొలగించింది. 2023 అక్టోబరులో మెట్రో రైలు కూడా ఆ పట్టాలపై నుండి సాగింది.

మీటల స్థానంలో విద్యుత్ యంత్రాలు వచ్చినా నియమం మారలేదు. పట్టాలను అక్రమంగా దాటడం నేటికీ నేరమే, ప్రాణాంతకమే. క్షణకాలపు ఓర్పు నిండు ప్రాణానికి రక్ష యని తల్లిదండ్రులు బిడ్డలకు బోధింతురు గాక!