పెంటకుప్ప నుండి విద్యుత్తు

నా బాల్యమున శామీర్‌పేట ప్రాంతపు పల్లెలలో ఇంటింటి పెరటను ఒక పెంటకుప్ప యుండెడిది. పేడయు, బూడిదయు, ఊడ్చిన చెత్తయు, కూరగాయల తొక్కులును అందే పడుచుండెను. మృగశిర కార్తెకు ముందు దానిని బండ్ల కెత్తి పొలములకు తోలెడివారు. అందు కుళ్లని వస్తువు లేదు. కుండపెంకుల మాట యేమని మీలో నెవరైన నడిగినచో, అంగీకరించితిని.

నగరపు పెంటకుప్ప సంగతి వేరు. హైదరాబాదు చెత్త యంతయు అప్పటి శామీర్‌పేట మండలములోని జవహర్‌నగరునకు చేరి గుట్టయై పెరిగెను. కోటి టన్నులకు మించిన యా రాశి నుండి యూరిన నల్లనీరు మల్కారం చెరువును చెరిచెను. పిమ్మట దానిపై మట్టియు ప్లాస్టిక్ పొరయు కప్పిరి. 2020 నవంబరులో ఆ చోటనే చెత్తను కాల్చి విద్యుత్తు పుట్టించు కేంద్రము ప్రారంభమయ్యెను. దాని శక్తి 19.8 మెగావాట్లు, తరువాత 24కు పెంచిరి. ప్రభుత్వపు లెక్కలలో ఎండ విద్యుత్తు, గాలి విద్యుత్తులతోపాటు ఇదియు పునరుత్పాదక శక్తియే. ఆ పేరు దీనికి తగునా యనునదే నేటి నా ప్రసంగము.

చెత్తను కాల్చుట క్రొత్త విద్య కాదు. 1874లో ఇంగ్లండునందలి నాటింగ్‌హామ్ పట్టణమున అందులకై కొలిమిని కట్టిరి. మన దేశమున 1987లో ఢిల్లీలోని తిమార్‌పూర్‌లో డెన్మార్కు యంత్రములతో ఒక కేంద్రమును స్థాపింపగా, అది కొలది వారములకే మూతపడెను. మన చెత్తలో కూరగాయల తుక్కును, మిగిలిన అన్నమును, మన్నును అధికము. పచ్చికట్టె పొయ్యిలో పెట్టిన నేమగునో మీ రెఱుగనిది కాదు. మంటలోని వేడి ముందుగా నీటిని ఆవిరి చేయుటకే చెల్లిపోవును. సర్వభక్షకుడని పేరుగన్న అగ్నిహోత్రుడు సైతము ఆ చెత్తను భక్షింపలేకపోయెను.

2003లో షాద్‌నగర్ సమీపమునను విజయవాడలోను రెండు కేంద్రములు వెలసెను. చెత్తలో మండునది యేరి, ఎండబెట్టి కాల్చుట వాని పద్ధతి. అవియు నిలువలేదు. 2005లో సుప్రీంకోర్టు ఇట్టి కేంద్రములకు ప్రభుత్వ మిచ్చు రాయితీలను నిలిపివేసి, 2007లో ఐదింటికి మాత్రము ప్రయోగముగా అనుమతి నొసగెను. 2016లో వచ్చిన కేంద్ర టారిఫ్ విధానమో, రాష్ట్రములోని చెత్త విద్యుత్తు నంతయు పంపిణీ సంస్థలు కొనితీరవలెనని విధించినది. పదునొకండేండ్లలో నెంత మార్పో చూడుడు! యంత్రములు మెరుగుపడుట కొంత కారణము. చెత్త పోయుటకు నగరములకు చోటు లేకపోవుట అంతకంటె పెద్ద కారణమని నా యభిప్రాయము.

ఇక పేరు సంగతి. వాడినకొలది ప్రకృతి మరల నిచ్చునది పునరుత్పాదకము. సొరకాయ తొక్కు అట్టిదే; అందున్నది ఈ యేటి యెండయే. కాని అది తడి, కాలదు. చక్కగా కాలునది ప్లాస్టిక్ సంచి. అది భూగర్భములోని చమురునుండి వచ్చినది గనుక, కోట్ల యేండ్లనాటి శక్తి. ఈ విషయమున బొగ్గునకును దానికిని భేదము లేదు. కాగితము, గుడ్డపీలిక, కొబ్బరిపీచు కూడ కాలును గనుక పేరంతయు అబద్ధమని యనజాలను. కొంత యరువు పేరని మాత్ర మనగలను. కొలిమిలో వేడి చాలనిచో డయాక్సిన్లను విషములు పుట్టును. బూడిదను మరల ఎక్కడనో పూడ్చవలెను. అమరము అగ్నికి చెప్పిన నామములలో ‘అనలుడు’ ఒకటి. చాలు నన్నమాట లేనివాడని పెద్దలు దానికి వ్యుత్పత్తి చెప్పుదురు. కొలిమి కట్టిన పిమ్మట దానికి దినదినము చెత్త కావలెను; చెత్త తగ్గింపుడన్న మాట దానికి రుచింపదు.

తడిచెత్తకు వేరొక మార్గ మున్నది. మేడ్చల్ బాటన నగరమునకు పోవునప్పుడు బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టు వచ్చును. మీలో ననేకు లచట టమాటలు దించినవారే. అమ్ముడుపోక కుళ్లిన కూరగాయలను దినమునకు సుమారు 10 టన్నులు గాలి చొరని తొట్టిలో వేసి, సూక్ష్మజీవులచే వాయువు పుట్టించి, సుమారు 500 యూనిట్ల విద్యుత్తు తీయు ఏర్పాటు అచట జరిగెను. మిగిలిన ముద్ద ఎరువగును. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థవారు దీనిని రూపొందించిరి. మన గోబర్ గ్యాసు తొట్టి సూత్రమును ఇదియే. 2021 జనవరి 31న ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగమున ఈ మార్కెట్టును ప్రశంసించిరి.

500 యూనిట్లా యని నవ్వుదురేమో. 19.8 మెగావాట్ల కేంద్రము నిండుశక్తితో దినమంతయు నడిచినచో 4,75,200 యూనిట్లు వచ్చును. భేదము పెద్దదే; దాచను. కాని బోయిన్‌పల్లి తొట్టికి ప్లాస్టిక్ సంచితో పనిలేదు. మన పెరటి కుప్ప చేసిన పనియే అదియు చేయునది.

రెంటికిని మూలము ఇంటివద్ద తడిని పొడిని వేరుచేయుట. 2016 నాటి నియమములు మన కా బాధ్యతను విధించినవి. నేను రెండు బుట్టలు పెట్టి వేరుగానే ఇచ్చుచున్నాను. మొన్న మా వీధికి వచ్చిన బండివాడు రెండింటిని ఒకే తొట్టిలో కుమ్మరించెను. ఇదేమి నాయనా యంటిని. అతడు నవ్వి, “ఆడికి పోయినంక అన్నీ గల్సుడే గద, సారూ!” అనెను.